ఆఖరిదాకా ఎవరూ వినని గీత

మండవల్లి దాటి కొల్లేటి వైపు పోయే పుంతదారిలో, చేపల చెరువుల మధ్య కనకరత్నం ఇల్లు. ఆ ఇంటికి గుర్తు చెప్పాలంటే ఇదివరకు "పెద్దిరాజుగారి చెరువు పక్కన" అనేవారు. ఇప్పుడూ అలాగే అంటున్నారు. పెద్దిరాజు లేడని తెలిసినవాళ్ళు కూడా అలాగే అంటున్నారు.

పెద్దిరాజు మాఘమాసంలో పోయాడు. తెల్లారగానే పడవేసుకుని చెరువులోకి వెళ్ళి, మేత సంచులు కడుతూ కడుతూ పడవలోనే ఒరిగిపోయాడు. చెరువు నిండా వరసగా వెదురు గెడలు పాతి ఉంటాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి సంచుల్లో పోసి, సంచి అడుగున కన్నాలు పొడిచి, ఆ గెడలకి నీళ్ళలో వేలాడగడతారు. చేపలు వచ్చి కన్నాల దగ్గర మూతులు పెట్టి లాక్కుని తింటాయి. గట్టు మీద మేత కలపడం భార్య రత్నం పని, చెరువులో కట్టడం ఆయన పని. చెరువు తవ్విన దగ్గర్నుంచీ అదే పద్ధతి. ఆ రోజు సగం గెడలకి సంచులున్నాయి. మిగతా సగం వట్టి గెడలు.

మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. అంతలోనే సెంటర్లో మైకుసెట్ల షాపు నడిపే జాహిద్ ఆటోలో షామియానా గుడ్డలూ, మైకులూ వేసుకుని దిగాడు. కబురు ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. ఒక మైకు వీధి గుమ్మానికీ, ఒకటి కొబ్బరిచెట్టుకీ కట్టాడు. గీత మొదలైంది.

భగవద్గీత అని పూర్తిగా ఆ చుట్టుపక్కల ఎవరూ అనరు. గీత అంటారు. "ఏంటండీ, ఆ సందులో గీత వినపడతంది?" అని ఎవరైనా అడిగితే, ఎవరు పోయారని అడిగినట్టు. బండి మీద పోయేవాళ్ళు ఆ గొంతు చెవిన పడితే బండి నెమ్మది చేస్తారు. పెళ్ళిచూపులకి బయల్దేరినవాళ్ళయితే వెనక్కి తిరిగి, ఇంట్లో కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు.

రత్నం కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే రేడియో పెట్టింది. శ్లోకం వచ్చింది. బాగుందని కాస్త గట్టిగా తిప్పింది. పెరట్లో పేడ ఎత్తుతున్న అత్తగారు మంగాయమ్మ తట్ట అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఆపవే తల్లీ, ఆపు! పచ్చటి కొంపలో అదేం పని? ఎవరు పోయారని పెట్టావు?"

"దేవుడిదే కదండి అత్తయ్యా."

"దేవుడిదే. కాదన్నానా? ఎప్పుడు పెట్టాల్సింది అప్పుడు పెట్టాలి."

రత్నం ఆపేసింది. ఏడో క్లాసుతో బడి మానేసిన పిల్ల. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో గీత మాట లేదు. విత్తనాల కొట్టువాళ్ళు రథం బొమ్మ ఉన్న కేలండరు ఇస్తే, మంగాయమ్మ దాన్ని బియ్యం డ్రమ్ము మీద మూతగా వేసింది, బొమ్మ లోపలికి పెట్టి.

ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ వాకిట్లో పెట్టాల్సి వచ్చింది. కూతురు హర్షిణి తాడేపల్లిగూడెం నుంచి రావాలి. మరిది కనకరాజు చింతలపూడి నుంచి రావాలి. వాళ్ళకోసమని ఎండ వాలేదాకా ఉంచారు. అంతసేపూ మైకు మోగుతూనే ఉంది. రత్నం ఆయన తల దగ్గర కూర్చుంది. చెవుల్లోకి ఒక గొంతు వచ్చిపోతున్నట్టు తెలుస్తోంది గానీ మాట ఒక్కటీ తగల్లేదు. ఏడుపూ రాలేదు. "ఏడ్చెయ్యక్కా, ఏడవకపోతే గుండెకి పడుద్ది" అని పక్కింటి చంద్రకళ భుజాలు పట్టుకుని ఊపింది. ఊపినంతసేపూ ఊగింది. వదిలేస్తే ఆగిపోయింది.

వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "ఆత్మకి చావు లేదమ్మా. పాతబట్ట విప్పి అవతల పారేసినట్టే." రత్నం తలూపింది. చెరువు గట్టు మీద పాకలో తాడుకి ఆయన నీలం గళ్ళ లుంగీ ఆరేసి ఉంది. అది తియ్యాలి అనుకుంది. తియ్యలేదు.

దినాలు అయ్యాయి. కనకరాజు పామాయిలు తోటకి నీళ్ళు కట్టాలని వెళ్ళిపోయాడు. హర్షిణి పిల్లల పరీక్షలని కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. మంగాయమ్మకి చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. మనవరాలు కాపురానికి పోయి, పెద్దకొడుకు కాటికి పోయి, ఆవిడకి ఇక కోడలే దిక్కు. కోడలికీ ఆవిడే.

రత్నం తెల్లారి లేచేది. కళ్ళాపి చల్లేది. వండేది. రుచి చూసేది కాదు. పొయ్యి మీంచి దించి అత్తగారికి కంచంలో పెట్టి, తనూ ఇంత తిని, గిన్నెలు తోమి బోర్లించేది. మంగాయమ్మ పెట్టింది పెట్టినట్టు తిని చెయ్యి కడుక్కునేది. ఏనాడూ ఏ వంకా పెట్టలేదు. ఇదివరకైతే పులుసులో బెల్లం తగ్గిందని వీధి చివరిదాకా వినపడేలా అనేది.

చెరువులో వాటాదారు శ్యామ్ సుందర్ రోజూ పొద్దున్న గేటు దగ్గర ఆగేవాడు.

"మేత కలిపిస్తే చాలు వదినగారూ. కట్టేది నేను చూసుకుంటాను. నేను కలిపింది చేపలకి నచ్చట్లేదండి. సంచులు సగం అలాగే ఉంటన్నాయి."

"రేపు వస్తానండి" అనేది రత్నం. గట్టు వైపు మాత్రం వెళ్ళేది కాదు.

ఒకరోజు టీవీ వెనక ఊడుస్తుంటే చిన్న స్పీకరు డబ్బా ఒకటి చీపురికి తగిలింది. పక్కన వేలెడంత పెన్ డ్రైవ్ గుచ్చి ఉంది. గుర్తొచ్చింది. వాకిట్లోంచి ఆయన్ని తీసుకెళ్ళాక, దీపం దగ్గర చిన్నగా మోగుతూ ఉండాలని జాహిద్ అది పెట్టి వెళ్ళాడు. దినాల హడావుడిలో ఎవరో ఆపి ఇక్కడ పడేశారు.

రత్నం దాన్ని కొంగుతో తుడిచి చేతిలో పట్టుకుని కూర్చుంది.

బ్యాంకు నుంచి వచ్చినా, ఆస్పత్రి నుంచి వచ్చినా, చెరువు మీద ఆఫీసరు ఎవరైనా వచ్చి మాట్లాడి వెళ్ళినా, ఆయన ఇంటికి రాగానే రత్నం అడిగే మాట ఒకటే: "ఏమన్నారండీ?" ఆయన చెప్పులు విప్పుతూ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ రోజు పొద్దున్నుంచి ఎండ వాలేదాకా ఈ డబ్బాలో గొంతే మైకులోంచి ఆయన చెవి దగ్గర ఏదో చెప్పింది. తను పక్కనే ఉంది. వినలేదు. ఏం చెప్పిందో అడుగుదామంటే ఆయన లేడు.

ఏం చెప్పారు ఆయనకి?

అత్తగారు మధ్యగదిలో నిద్రపోతోంది. కాస్త చిన్నగా పెట్టుకుని వినొచ్చు కదా అనుకుంది. ప్లగ్గు గుచ్చి మీట నొక్కింది. ఆఖరిసారి పెట్టినవాళ్ళు సౌండు పూర్తిగా పెంచి ఉంచారు. గొంతు ఒక్కసారి ఇల్లంతా నిండి, కిటికీలోంచి పుంతదారి మీద పడింది. రత్నం కంగారుగా బొత్తాలు నొక్కింది. ఏది నొక్కినా ఆగలేదు. చివరికి ప్లగ్గు ఊడబెరికింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

చంద్రకళ తలంటుకున్న జుట్టు విరబోసుకుని, తడి చెయ్యి తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చింది. రత్నం వైపు చూడనైనా చూడలేదు. సరాసరి మధ్యగదిలోకి పోయి మంగాయమ్మ పాదాలు పట్టుకుంది.

"మామ్మగారో! కొడుకు ఎనకాలే ఎల్లిపోయారా మామ్మగారో! నిన్న సాయంత్రం కూడా నా చేతి గారెలు అడిగారే, పెట్టలేకపోతినే!"

మంగాయమ్మ కళ్ళు తెరిచింది. గీత చెవిలో పడే లేచింది. కాళ్ళ దగ్గర ఎవరో ఏడుస్తున్నారు.

"ఎవరు పోయారే?" అంది.

"మీరే మామ్మగారూ" అంటూ తలెత్తిన చంద్రకళ కెవ్వున అరిచి గోడకి కరుచుకుపోయింది.

నవ్వాల్సిన సంగతే. తర్వాత ఊరంతా నవ్వుకున్నారు కూడా. కానీ చంద్రకళ ఏడుస్తూ పరిగెత్తుతూనే వాళ్ళాయనకి ఫోన్ చేసి చెప్పింది. ఆయన శ్యామ్ సుందర్‌కి చెప్పాడు. శ్యామ్ సుందర్ కనకరాజుకి చెప్పాడు. కాదన్న కబురు బయల్దేరేలోపే మొదటి కబురు ఊళ్ళు దాటిపోయింది. కాసేపటికి గేటు ముందు ఆటో ఆగింది. జాహిద్ షామియానా కర్రలు దించుకుంటూ, నెత్తిన రుమాలు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, మైకు ఎక్కడ కట్టమంటారండీ?"

లోపల్నుంచి మంగాయమ్మ గొంతు వచ్చింది. "నా నెత్తిన కట్టు నాయనా."

జాహిద్ చేతిలో కర్ర జారిపోయింది. "అల్లా! మామ్మగారూ, మీరు బాగున్నారా?"

"బాగుంటే నువ్వెందుకొస్తావు?"

అతను ఎవరి మొహమూ చూడకుండా కర్రలన్నీ మళ్ళీ ఆటోలోకి ఎక్కించుకున్నాడు.

కనకరాజు మధ్యాహ్నానికి వచ్చాడు. ఏలూరులో దండ కొన్నాక ఫోనులో అసలు సంగతి తెలిసిందట. తెలిసినా, అంతదూరం వచ్చాను కదా, అమ్మని చూసి పోదామని వచ్చాడు. దండ ఏం చెయ్యాలో తెలీక కవరుతో సహా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మంగాయమ్మ వాసన పట్టింది.

"ఏంట్రా ఆ చేతిలో?"

"ఏం లేదమ్మా."

"చామంతులూ గులాబీలూనా? పెద్ద దండేనా?"

కనకరాజు వెళ్ళి దాన్ని అన్న ఫొటోకి వేశాడు. ఫొటోకి పెద్దదైపోయింది. పెద్దిరాజు మొహం సగం కనపడకుండా పోయింది. గుమ్మం దాటేముందు వదినగారి దగ్గర ఆగి, "ఇంట్లో అది పెట్టుకునేదేనా వదినా? మీకు తెలీదా?" అన్నాడు. కోప్పడలేదు. అడిగాడంతే. రత్నం తెలుసన్నట్టు తలూపింది.

ఆ పూట మంగాయమ్మ అన్నం తినలేదు. ఎండకి నీరసం అనుకుంది రత్నం. మర్నాడూ తినలేదు. పాలు ఇస్తే పెదాలకి తగిలించి పక్కన పెట్టింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఏమైందండి అత్తయ్యా?"

గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

"గీత పెట్టారు. మైకోడొచ్చాడు. కొడుకు దండ తెచ్చాడు. ఇంకేం తక్కువైంది? నేను కళ్ళు తెరవడమే తప్పు. అవన్నీ గుమ్మంలోకి వచ్చాక వట్టి చేతుల్తో ఎల్లవే రత్నం. నేను తప్పుకుంటే ఎవరి మీదకి పోతాయి? నువ్వున్నావు. హర్షిణి పిల్లలున్నారు. ముందే మావాడిని పట్టుకుపోయాయి. నా వంతు నన్ను కానియ్యి."

"అలాంటివేం ఉండవండి."

"ఉండవని నీకెవరు చెప్పారు?"

రత్నానికి ఎవరూ చెప్పలేదు. ఉంటాయనీ ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిందే తనకీ తెలుసు.

ఆర్ఎంపీ డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూశాడు. "బీపీ బానే ఉందండి. తింటే లేస్తారు. తినకపోతే ఈ వయసులో నాలుగురోజులు కష్టమండి" అని వరండాలోకి వచ్చి చెప్పాడు. మంగాయమ్మ చెవులకి వరండా ఎంత దూరం? హర్షిణి ఫోనులో ఏడ్చింది. చంద్రకళ గారెలు వేసి తెచ్చి, మంచం పట్టెమీద కూర్చుని, "నా బుద్ధి గడ్డితిని అలా అరిచాను మామ్మగారూ, తినకపోతే నా మీద ఒట్టే" అని బతిమాలింది. మంగాయమ్మ ఒక గారె ముక్క తుంచి చేతిలో పట్టుకుంది. అలాగే నిద్రపోయింది.

అత్తగారు వెళ్ళిపోతోంది, నా చేత్తో నొక్కిన మీటవల్ల వెళ్ళిపోతోంది అని రత్నం తనకి తాను చెప్పుకుంది. రెండుసార్లు చెప్పుకుంది. లోపల ఏదీ కదల్లేదు. ఆయన తల దగ్గర కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కడో దూరంగా, ఇంకెవరికో జరుగుతున్నట్టు. ఇలాగే ఉంటే ఈవిడ కూడా నా కళ్ళముందే పోతుంది, నేను గిన్నెలు తోముకుంటూ ఉంటాను అనుకుంది. చంద్రకళని కాసేపు కూర్చోమని చెప్పి, ఆ స్పీకరు డబ్బాని సంచిలో వేసుకుని సెంటరుకి నడిచింది. ముందు ఆ వస్తువు ఇంట్లోంచి పోవాలి.

జాహిద్ షాపులో వైర్లు చుడుతున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడి కుర్చీ దులిపి వేశాడు.

"మీరెందుకొచ్చారమ్మా? ఫోన్ చేస్తే నేనే వచ్చి పట్టుకెళ్దును కదండీ. అసలు తప్పు నాది. ఆ డబ్బా ఆనాడే తీసుకెళ్ళాల్సింది. మామ్మగారికి ఎలా ఉందండి?"

"తినట్లేదు."

అతను వైరు చుట్ట పక్కన పెట్టాడు. రత్నం డబ్బా బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోవాలి. అతను వేసిన కుర్చీలో కూర్చుంది.

"దీంట్లో ఏముంటుంది జాహిద్‌గారూ?"

"గీతేనండి. మొత్తం పద్దెనిమిది అధ్యాయాలూను. శ్లోకం, దాని కింద తెలుగులో అర్థం. పాతరోజుల్లో క్యాసెట్టుండేది, గంటలో అయిపోయేదండి. ఇది పెద్దది. ఒక పగలంతా పెట్టినా అవ్వదు."

"అది కాదు. ఆ రోజు ఆయన దగ్గర పెట్టారు కదా. ఏం చెప్పారు అందులో?"

జాహిద్ తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే నాకు తెలీదమ్మా. పెట్టేసి పక్కకెళ్ళి టీ తాగుతాం. మొదట కాస్త తెలుసండి. రథం మీదాయన బాణం పడేసి కూర్చుంటాడు, యుద్ధం చెయ్యనంటాడు. అదైతే ఎన్నిసార్లు విన్నానో! ఆ తర్వాతది వినే ఛాన్సు రాదు."

"ఎందుకు రాదు?"

"మన కరెంటు సంగతి తెలుసు కదండీ. పోతుంది. జనరేటరు వేస్తాం. వేస్తే ఈ బాక్సు మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలవుతుంది. కరెంటు వస్తుంది, జనరేటరు ఆపుతాం, మళ్ళీ ఒకటో నంబరే. ఈలోగా చుట్టాలందరూ వచ్చేస్తారు, తీసుకెళ్ళిపోతారు, మేం మైకు విప్పేస్తాం. నేను ఈ పనిలోకి వచ్చినకాడ్నుంచీ ఒక్క ఇంట్లో కూడా ఆఖరిదాకా మోగలేదండి. ఆఖర్న ఏమవుద్దో నాకూ తెలీదు, ఎవరికీ తెలీదు."

రత్నం డబ్బా తీసి మళ్ళీ సంచిలో వేసుకుంది. "కరెంటు పోతే, ఆగిన చోటనుంచి వినాలంటే ఏం నొక్కాలి?" అని అడిగింది. జాహిద్ ఏ బొత్తాం ముందుకి తీసుకెళ్తుందో, ఏది గొంతు తగ్గిస్తుందో చూపించి, ముందుకి తీసుకెళ్ళేదాని మీద ఎర్ర టేపు ముక్క అంటించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి, చంద్రకళని పంపించి, మంచం పక్కన కూర్చుని సంగతి చెప్పింది. "ఆఖరిదాకా ఎవరూ వినలేదంటండి అత్తయ్యా."

మంగాయమ్మ గోడ వైపే ఉంది. బయట కొంగల గుంపు ఏదో చెరువు మీంచి లేచిన చప్పుడు వచ్చింది.

"ఏమవుద్దంట ఆఖర్న?" అంది.

"తెలీదండి."

"ఇంతమందికి పెట్టారు. ఒక్కడికీ తెలీదా?"

"తెలీదంటండి. మధ్యలోనే తీసుకెళ్ళిపోతారు కదా."

మంగాయమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "పెట్టు మరి. ఎలాగూ నాకు పెట్టిందేగా. ఏం చెప్పి పంపిస్తన్నారో విని పోతాను."

రత్నం కిటికీలు మూసింది. తలుపు గడియ వేసింది. చంద్రకళ మళ్ళీ జుట్టు విరబోసుకుని రాకుండా స్పీకరు మీద దుప్పటి మడిచి కప్పింది. గొంతు తగ్గించి మీట నొక్కింది. ఉక్కపోతలో ఇద్దరూ విన్నారు.

రెండువైపులా సైన్యాలు నిలబడ్డాయి. మధ్యలోకి రథం వచ్చింది. ఆ మనిషి అటువైపు చూశాడు; అందరూ తనవాళ్ళే. నోరు ఎండిపోయింది. కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి. విల్లు చేతిలోంచి జారింది. రథంలో చతికిలపడ్డాడు.

రత్నం తన చేతుల వైపు చూసుకుంది. ఆ రోజు ఆయన తల దగ్గర కూర్చున్నప్పుడు నోట్లో తడి లేదు. ఎవరో నీళ్ళగ్లాసు ఇస్తే వేళ్ళు మూసుకోలేదు, గ్లాసు జారిపోయింది. దేవుడి పుస్తకంలో ఇలాంటిది రాసి ఉంటుందని ఆమె అనుకోలేదు.

"పాపం" అంది మంగాయమ్మ. తర్వాత కృష్ణుడు మొదలుపెట్టాడు. ఆవిడ కాసేపు విని, "బండి తోలేవోడి మాట వినేవోళ్ళు ఆ కాలంలో ఉన్నారన్నమాట. మీ మావగారు తోలినన్నాళ్ళూ ఆయన మాట ఎడ్లు కూడా వినలేదు" అంది. పాతబట్టల మాట వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. అది అందరూ అప్పచెప్పిన మాటే. అది అయిపోయింది. గొంతు ఆగకుండా ముందుకి పోయింది. ఎప్పుడూ అందరూ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు గానీ, అది దారి మొదట్లోనే ఉంది.

పని గురించి చెబుతున్నాడు. పని మానేసి కూర్చుంటే కుదరదంటున్నాడు. ఫలానాది వస్తుందని కాకుండా, చెయ్యాల్సింది కాబట్టి చెయ్యమంటున్నాడు. కరెంటు పోయింది.

వచ్చాక మళ్ళీ శంఖాలు మోగాయి. "మళ్ళీ మొదటికొచ్చాడే!" అంది మంగాయమ్మ. "మళ్ళీ చతికిలపడతాడు కాబోలు. నొక్కు, ఆ బొత్తామేదో నొక్కు."

రత్నం నొక్కింది. మజ్జిగలో కాస్త నిమ్మరసం పిండి గ్లాసు అత్తగారి చేతికి ఇచ్చింది. వింటూ, ధ్యాసలో లేకుండా మంగాయమ్మ నాలుగు గుక్కలు తాగింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న వంటా వార్పూ ముగించి మళ్ళీ పెట్టుకున్నారు. అర్థమైంది కొంత. అర్థం కానిది చాలా. అర్థం కానిచోట మంగాయమ్మ కునుకు తీసేది. లోకాలన్నీ కృష్ణుడి నోట్లోకి పోతున్నాయని వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చుని కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇంతసేపు చెప్తన్నాడు, అవతలోళ్ళు యుద్ధం ఆపుకుని చూస్తా ఉన్నారా?" అని అడిగింది. "ఏమోనండి, మర్యాదస్తులేమో" అంది రత్నం. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే వింతగా అనిపించింది.

పొద్దు వాలుతుండగా ఆఖరి అధ్యాయం వచ్చింది. చెప్పాల్సిందంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు కృష్ణుడు. ఇంకొంచెం చెప్పాడు. అప్పుడు ఆ మనిషి పలికాడు. నా మైకం విడిపోయింది, నిలబడ్డాను, చెప్పినట్టు చేస్తాను అన్నాడు. ఇంకో ఐదు శ్లోకాలు వచ్చాయి. గరగరమని చప్పుడు. స్పీకరు ఆగిపోయింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"ఏమైంది ఆఖర్న?"

"లేచాడండి."

"చావలేదా?"

"లేదండి. లేచి పనికెళ్ళాడు."

మంగాయమ్మ పైకప్పు వైపు మొహం పెట్టి ఆలోచించింది. "మరి ఇది పోయినోళ్ళకి చెప్పింది కాదు కదే. కూలబడినోడికి చెప్పింది. చచ్చినోళ్ళ దగ్గరెట్టి ఏం చేస్తన్నారు వీళ్ళు? దీనికా నేను నాలుగు పూటలు మానేశాను?" కాళ్ళు మంచం కిందికి జార్చి, చేతికర్ర కోసం తడుముకుంది. "ఏం వండావు?"

రత్నం కంచం తెచ్చింది. వంకాయ కూర కలిపి ముద్ద చేతికి అందించింది. మంగాయమ్మ నమిలి, మింగి, ఆగింది.

"ఉప్పు లేదే దీంట్లో."

"అయ్యో, మర్చిపోయానండి."

"ఇవాళ కాదు. మావాడు పోయిన కాడ్నుంచీ లేదు. చెప్తే బాధపడతావని నోరు మూసుకు తిన్నాను."

రత్నం కూర గిన్నెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. నిజమే. చప్పటి కూర. ఇన్నిరోజులూ తనూ అదే తింది. ఉప్పు డబ్బా తెచ్చి కంచం అంచున కాస్త వేసింది. ముసలామె కలుపుకుని తినడం చూస్తూ అక్కడే నేలమీద కూర్చుంది.

ఆమెకి ఇప్పుడు తెలిసింది, ఆ రోజు ఆయనకి ఏం చెప్పారో. ఎండ వాలేదాకా చెవి దగ్గర లేవమని చెప్పారు. కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి చెప్పారు. ఆయన లేవలేదు. పక్కనే ఇంకో మనిషి కూలబడి ఉంది. చెప్పింది ఆ మనిషికి కూడా. వినపడలేదు.

మంగాయమ్మ ముద్ద పట్టుకుని ఆగింది. "మావాడు సగమే వినుంటాడు కదే."

"సగం కూడా కాదండి. మొదలే."

"మిగతాది నువ్వు చెప్పాలి" అని మళ్ళీ తినడంలో పడింది.

మర్నాడు తెల్లారి శ్యామ్ సుందర్ గేటు దగ్గరికి వచ్చేసరికి రత్నం గట్టు మీద పాకలో ఉంది. చెక్క నానబెట్టింది. తవుడు గుమ్మరించి మోచేతులదాకా ముంచి కలుపుతోంది. తాడు మీద నీలం గళ్ళ లుంగీ ఎండకి వెలిసి గట్టిపడి ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టింది.

"నేను కడతానండి వదినగారూ" అన్నాడు శ్యామ్ సుందర్.

"మొదటి గెడ నేను కడతాను. పడవ పట్టుకోండి."

నీళ్ళు కదలకుండా ఉన్నాయి. గెడ దగ్గరికి వచ్చాక రత్నం సంచి ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. శ్యామ్ సుందర్ పడవని గెడకి ఆనించి పట్టుకున్నాడు. రత్నం తనకి ఏడుపేమైనా వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"లేచాడంటండీ" అంది మెల్లగా, గెడ వైపు చూస్తూ. "ఆఖర్న లేచాడంట."

తాడు గెడకి రెండు చుట్లు చుట్టి ముడేసింది. సంచి నీళ్ళలోకి దిగింది. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత గెడ చిన్నగా వణకడం మొదలుపెట్టింది. కింద చేపలు వచ్చాయి. ఆమె రెండో సంచి కోసం చెయ్యి చాపింది.